టెక్సాస్‌లో స్కేలు, సుల్తానాబాద్‌లో సోకు

ఎండాకాలం సెలవులకు అమెరికా నుంచి ఊరికొచ్చే మన సాఫ్ట్‌వేర్ సోదరులకూ, శనివారం తెల్లారుజామున హైదరాబాద్‌లో బయల్దేరి రాజీవ్ రహదారి మీద దూసుకొచ్చే వీకెండ్ వీరులకూ ఒక మనవి. మనవి అని మర్యాదకి అన్నాను గానీ, నిజానికిది గొడవే.

డాలస్ పక్కన ఉండే మనోళ్ళకి క్రాపీ అనే చేప బాగా తెలుసు. టెక్సాస్‌లో సాధారణంగా 10 అంగుళాల కంటే చిన్న క్రాపీని ఉంచుకోకూడదు, మనిషికి రోజుకు 25 మించకూడదు. లైసెన్సు సరేసరి. మనవాడు అవన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తాడు. స్కేలు పెట్టి కొలిచి, తొమ్మిదిన్నర ఉంటే బుద్ధిగా నీళ్ళలో వదిలేస్తాడు. "ఇక్కడ సిస్టమ్ అంటే సిస్టమే" అని మనకి క్లాసు కూడా పీకుతాడు.

అదే మనిషి మే నెలలో సుల్తానాబాద్ వస్తాడు. దోస్తుని బండెక్కించుకుని, కొత్త రాడ్డు, రీలు, రబ్బరు కప్ప పట్టుకుని పొద్దున్నే ఏదో ఊరి చెరువు మీదో, మానేరు మడుగు మీదో పడతాడు. ఎవర్నీ అడగడు. అడగాలన్న ఆలోచనే రాదు. ఎందుకంటే ఇది "మన ఊరు" కదా!

అసలు విషయానికొద్దాం. ఊరి చెరువులో చేపల మీద హక్కు చాలాచోట్ల మత్స్య సహకార సంఘానిది. ముదిరాజులు, గంగపుత్రులు లీజు కట్టి, పిల్లల్ని పోసి, నెలల తరబడి కాపలా కాసుకుంటారు. 2016 నుంచి సర్కారు ఉచితంగా చేప పిల్లలిచ్చే పథకం ఉంది నిజమే. కానీ అది వాళ్ళ బతుకుదెరువు కోసం పెట్టింది, మన కాలక్షేపం కోసం కాదు.

ఇదే మాట ఒక దోస్తుతో అంటే, "రెండు గాలాలతోని చెరువు ఖాళీ అయితదారా?" అన్నాడు. కాదు తమ్మీ. కానీ వరి కోతకొచ్చిన పొలంలో రెండు పనలు కోసుకుపోతే కూడా పొలం ఖాళీ కాదు. దాన్నేమంటారో నీకు తెలుసు.

రెండో వాదన ఇంకా సొగసైనది: "మేం తినం, పట్టి వదిలేస్తాం, జీవకారుణ్యం." ఇక్కడే అసలు తిరకాసు. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ నిలుస్తుంది, 30 డిగ్రీలకు ఏడున్నరకు పడిపోతుంది. అది కూడా గరిష్ఠంగా. నాచు పట్టిన చెరువులో రాత్రంతా అన్నీ ఊపిరి పీల్చేసరికి తెల్లారుజామున అసలే తక్కువుంటుంది. అంటే మనకి చల్లగా, హాయిగా ఉండే ఆ పొద్దే చేపకి గండం. అప్పటికే పైకొచ్చి నోరు తెరుస్తున్న రవ్వని పది నిమిషాలు గుంజులాడించి, ఫోటో దిగి వదిలితే అది ఈదుకుంటూ పోతుంది, నిజమే. మధ్యాహ్నానికి ఏమైందో చూడ్డానికి మీరుండరు కదా, మీరప్పటికి ఏసీలో ఉంటారు.

కొర్రమీను సంగతి వేరు. అది పైకొచ్చి గాలి పీల్చుకుని తడి బురదలోనైనా బతకగలదు. అందుకే ఎండాకాలం మడుగులో చివరిదాకా మిగిలేది అదే. మన రాష్ట్ర చేప కూడా. కానీ సంఘాలు పోసే పిల్లలు ఎక్కువగా బొచ్చె, రవ్వ, బంగారు తీగ. కొర్రమీను మటుకు చాలా చెరువుల్లో తన సంతతిని తనే చూసుకోవాలి. వానలు పడ్డాక గుడ్లు పెట్టి, ఎర్రటి పిల్లల గుంపుకి తల్లీతండ్రీ కాపలా తిరుగుతాయి. మే నెలలో మీ రబ్బరు కప్పకి పడేది ఆ తల్లో తండ్రో అన్నమాట. దాని ధర రవ్వ ధరకి రెండింతల పైమాటే, కాబట్టి ఆ నష్టం ఎవరి ఇంటికి తగులుతుందో లెక్క వేసుకోండి.

"మరి సంఘం వాళ్ళే వల లాగి ఊడుస్తున్నారుగా? కొందరు కరెంటు కూడా పెడుతున్నారుగా?" అంటారు. కరెంటు పెట్టేవాణ్ణి పట్టివ్వండి, నేనూ వస్తాను. మందుగుండుతో, విషంతో చేపలు పట్టడం నేరమని 1897 చట్టమే చెప్తోంది. ఇక వల లాగేవాడంటారా, వచ్చే ఏడు చేప లేకపోతే పస్తుండేది వాడే. మీరు కాదు.

గాలం వెయ్యొద్దని నేననట్లేదు. ముందు సంఘం పెద్దమనిషి దగ్గరికెళ్ళి "కాకా, రెండు గంటలు గాలమేసుకుంటాం" అని అడగండి. వద్దంటే వెనక్కి తిరగండి. సరే అంటే, రవ్వ పడినా బొచ్చె పడినా తూకం వేయించి, పైసలిచ్చి, ఇంటికి తీసుకెళ్ళి తినండి. కొర్రమీను పడితే, తడి చేత్తో గాలం తీసి వదిలేయండి. అది బతుకుతుంది.

ఈ పద్ధతి ఏ బోర్డు మీదా రాసి ఉండదు, తప్పితే జరిమానా వేసే ఆఫీసరూ రాడు. రూలు భయంతో పాటించేవాడు ఎక్కడైనా దొరుకుతాడు. అడిగేవాడు లేనిచోట కూడా అడిగి దిగేవాణ్ణే నేను మన ఊరోడంటాను.