పరగడుపు చక్కెర అంకె ఒక్కటియే చాలదు

గల్లాపెట్టెలోని రొక్కమును మాత్రము చూచి వ్యాపారము లాభములో నున్నదని ఏ వర్తకుడును తలంపడు. చిట్టా, ఆవర్జా తిరుగవేసి, రావలసినదియు ఈయవలసినదియు సరిచూచిన పిదపనే నిర్ణయించును. అట్టి మనమే మధుమేహము విషయమున పరగడుపున తీసిన చక్కెర అంకె ఒక్కదానిని చూచుకొని నిశ్చింతగా నుండుట మిక్కిలి విచారకరము.

రెండవ రకపు మధుమేహమున ముఖ్యమైన చేటు రక్తనాళములకు కలుగును. వాని లోపలి పలుచని పొర నొప్పియైనను తెలియకుండ ఏండ్ల తరబడి చెడుచుండును. సన్నని నాళములు చెడినచో కన్నులకు, మూత్రపిండములకు, నరములకును. పెద్ద నాళములు చెడినచో గుండెకు, మెదడునకు, కాళ్లకును ముప్పు. బ్రిటనులో 1977లో ఆరంభమై 1998లో ఫలితములు వెలువడిన మహాపరిశోధనలో, క్రొత్తగా ఈ వ్యాధి బయటపడినవారు ఐదువేలమందికి పైగా చేరిరి. వారిలో ఇంచుమించు సగముమందికి అప్పటికే ఏదో యొక ఉపద్రవపు చిహ్నము కానవచ్చెను. కావున ఒంటిలో బాధ లేదను మాట ధైర్యమునకు ఆధారము కాజాలదు.

మరి దేనిని చూడవలెను? మొదటిది హెచ్‌బిఎ1సి. ఎర్రకణములలోని హిమోగ్లోబినునకు అంటుకొన్న చక్కెరను ఇది కొలుచును. ఆ కణముల ఆయువు సుమారు 120 దినములు గనుక, గడచిన రెండు మూడు నెలల నడవడి ఇందు తెలియును. పరీక్షకు ముందు రెండు దినములు పథ్యముండి దీనిని మోసగింప వీలులేదు. రక్తహీనత గలవారికి మాత్రము ఈ అంకె తప్పుదారి చూపవచ్చును; ఆ సంగతి వైద్యునకు చెప్పవలెను. పై పరిశోధనలోని వారిని గూర్చి 2000లో ప్రకటించిన లెక్కలలో, ఈ అంకె ఒక్క శాతము తక్కువగా నున్నవారికి సన్ననాళముల ఉపద్రవములు 37 శాతము, గుండెపోట్లు 14 శాతము తక్కువగా నుండెను.

తరువాత రక్తమున ఎల్.డి.ఎల్. కొలెస్టరాలు, క్రియాటినిను చూడవలెను. మూత్రపిండములు చాలవరకు చెడినగాని క్రియాటినిను పెరుగకపోవచ్చును. అందుచేత మూత్రములోని ఆల్బుమినును గూడ ఏటేట పరీక్షింపవలెను. ఒక గ్రాము క్రియాటినినునకు అది 30 మిల్లీగ్రాములు చేరినచో జాగ్రత్త పడవలెను.

దెబ్బతిన్న నాళపు పొరనుండి రక్తములోనికి వచ్చు వాన్ విల్లెబ్రాండ్ ఫాక్టరు, ఇ-సెలెక్టిను మొదలగువానిని శాస్త్రజ్ఞులు శోధించుచున్నారు. అవి విజ్ఞానమునకు విలువగలవియే. కాని నిత్యచికిత్సలో వానిపై ఆధారపడు ఆచారము ఇంకను రాలేదు. పెద్ద పేర్లుగల పరీక్షలకు ధనము వెచ్చించి, పైన చెప్పిన సామాన్య పరీక్షలను విడుచుట వివేకము కాదు.

పరరాష్ట్రములలో స్థిరపడిన మన పెద్దలకు మరియొక చిక్కు గలదు. వైద్యుని మాట ఒక భాష, పరీక్షాపత్రము ఇంగ్లీషు. ఇంటిలో మాట తెలుగు. అంకెల అర్థము అడుగుటకు సంకోచించి వారు కాగితమును మడిచి బీరువాలో పెట్టుదురు. ఇంటి చదువుకొన్న పిల్లలు ఆ అంకెలను తేదీలతో ఒక పుస్తకమున తెలుగులో వ్రాసి, పెద్దలకు చదివి వినిపించి, ఆ పుస్తకముతోనే వైద్యునికడకు తీసికొనిపోవలెనని నా విన్నపము. వ్యాపారమున నష్టము వచ్చినచో మరల సంపాదింపవచ్చును. పోయిన చూపును తెచ్చుకొనుట దుర్లభము.