ఇంగ్లీషులో మన పందికొక్కు

తమ్ముళ్లారా, ఇంగ్లీషంటే ఒకప్పుడు నాకూ వణుకే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. పటాన్‌చెరులో షిఫ్టు డ్యూటీ చేసే నాన్న వేలిముద్రే వేస్తాడు. పీజీలో చేరిన కొత్తలో నేను నోరు తెరిస్తే వెనక బెంచీల్లో నవ్వులే.

ఒకరోజు స్క్రాబుల్ ఆడదామన్నారు. ముందురోజు లైబ్రరీలో చూసిన మాట గుర్తొచ్చి క్యూ, ఐ అక్షరాలు పక్కపక్కన పెట్టాను. 'చీ' అని పలకాలి. చైనా నుంచి వచ్చింది, ప్రాణశక్తి అని అర్థం. కాన్వెంటులో చదివినవాళ్లకూ తెలియదు. డిక్షనరీ చూపించాక ఎవరూ నవ్వలేదు.

అదే డిక్షనరీలో 'బ్యాండికూట్' కనిపించింది. తీరా చూస్తే మన రుద్రారం హాస్టల్లో బియ్యం సంచులు కొరికే పందికొక్కే! తెలుగు నుంచే ఇంగ్లీషులోకి వెళ్లింది.

అయితే ఒక మాట. న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచి మాట్లాడటం రాకుండానే 2015లో ఫ్రెంచి స్క్రాబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. మాటలు బట్టీపడితే ఆట గెలవొచ్చు, ఇంటర్వ్యూ గెలవలేం. దానికి నోరు విప్పాల్సిందే.

హాస్టల్‌కు ఒక స్క్రాబుల్ బోర్డు కొనిపెట్టాలని పూర్వ విద్యార్థులైన అన్నలకు నా మనవి. తమ్ముళ్లూ, రోజుకో కొత్త మాట నేర్చుకోండి. దానితో ఒక వాక్యం పైకి చెప్పండి. తప్పు పోతే పోనీ. పందికొక్కుకే చోటిచ్చిన భాష మనకివ్వదా?