రక్తపింజర విషము – తల్లుల రక్తపరీక్ష

మెట్టుగూడనుండి తార్నాక మీదుగా పోవు మార్గమున జాతీయ పోషకాహార సంస్థ, ఉస్మానియా విశ్వవిద్యాలయము, ఆవల హబ్సిగూడలో సి.సి.ఎం.బి. నెలకొని యుండగా, పదేపదే గర్భస్రావమై దుఃఖించు స్త్రీకి చేయవలసిన ఒక రక్తపరీక్షను గూర్చి ఈ ప్రాంతపు విద్యావంతులకు సైతము తెలియవలసినంతగా తెలియకుండుట విచారకరము.

ఆ పరీక్షలో వెదకబడు లూపస్ యాంటీకోయాగ్యులెంట్ అను ప్రతిరక్షకము పరీక్షనాళికలో రక్తము గడ్డకట్టుటను ఆలస్యము చేయును. శరీరమునందు మాత్రము, తద్విరుద్ధముగా, సిరలలోను ధమనులలోను గడ్డలను కల్పించి, పిన్నవయసువారికి పక్షవాతమును, గర్భిణులకు శిశునష్టమును కలిగింపగలదు. దీనిని కనిపెట్టు ప్రధానసాధనములలో నొకటి మన చేలగట్ల తిరుగాడు రక్తపింజర విషమే! ఈస్టిండియా కంపెనీవారి కొలువులో విశాఖపట్టణమున నుండిన పాట్రిక్ రసెల్ అను స్కాట్లండు వైద్యుడు కోరమాండల్ తీరపు సర్పములను వర్ణించి 1796లో గ్రంథము వెలయించెను. రక్తపింజర నేటికిని శాస్త్రలోకమున ఆయన పేరనే పరగుచున్నది. దాని విషము రక్తమును గడ్డకట్టించు పదవ కారకమును నేరుగా ప్రేరేపించును గాన, మిక్కిలి పలుచన చేసిన విషమును, స్వల్పముగా ఫాస్ఫోలిపిడ్‌ను, కాల్షియమును ప్లాస్మాలో చేర్చి గడ్డకట్టు కాలమును కొలుతురు. ఆ కాలము దీర్ఘమై, ఆరోగ్యవంతుల ప్లాస్మాను కలిపినను సరికాక, ఫాస్ఫోలిపిడ్‌ను హెచ్చించినపుడు తగ్గినచో, కారణము ఆ ప్రతిరక్షకమే యని తలంతురు.

ఇంత సూక్ష్మమైన పరీక్ష కొద్దిపాటి అజాగ్రత్తకే చెడును. సిట్రేటు గొట్టము గీతవరకు నిండవలెను. ప్లేట్‌లెట్లు మిగులకుండ ప్లాస్మాను రెండుమార్లు సెంట్రిఫ్యూజ్ చేయవలెను. 4 గంటలలోపల పరీక్షింపజాలనిచో ఆ ప్లాస్మాను అతిశీతలమున ఘనీభవింపజేసి భద్రపరుపవలెను. హెపారిన్, వార్ఫరిన్ వాడువారి ఫలితము తప్పుదారి పట్టింపవచ్చును. జ్వరాదులలో పుట్టి కొలదికాలమునకే మాయమగు ప్రతిరక్షకములును కలవు గావున, 12 వారముల పిదప మరల పరీక్షించి, అప్పుడును నిలిచియున్ననే వ్యాధిని నిర్ణయింపవలెను.

ఒక్క కాగితమును చూచి పడుచుపిల్లకు యావజ్జీవము రక్తము పలుచబరచు మందు వ్రాయుట అన్యాయము. పరీక్షయే చేయింపక, గర్భము నిలువనిదని ఆమెను అత్తవారింట నిందలపాలు గావించుట అంతకంటె ఘోరము. వ్యాధి నిర్ధారణమైనచో కొద్ది మోతాదు ఆస్పిరిన్‌తోను, హెపారిన్ సూదిమందుతోను అట్టి తల్లులలో పెక్కురు బిడ్డల నెత్తుకొనుచున్నారు.

కావున ప్రభుత్వము బోధనాసుపత్రులన్నిటను ఈ పరీక్షను ఉచితముగా జరిపించి, రెండవ పరీక్ష తేదీని మొదటినాడే చీటీపై వ్రాసి యిప్పింపవలెను. వరుసగా గర్భములు నిలువని సోదరీమణులు తమ వైద్యులను ఈ పరీక్షను గూర్చి నిస్సంకోచముగా అడుగుదురుగాక.