మూతేసిన లాప్‌టాప్ మీద ఎందుకంత కోపం?

"బంద్ చేసినవా?" మా మహమ్మద్ నగర్‌లో ఆడవాళ్లు రోజుకి ఎన్నిసార్లు వింటారో లెక్కలేని ప్రశ్న ఇది. మోటారు బంద్ చేసినవా, గ్యాస్ బంద్ చేసినవా, కూలర్ బంద్ చేసినవా. ఆ వరుసలో ఇప్పుడు లాప్‌టాప్ కూడా చేరింది. మూత వేసి వంటింట్లోకి వెళ్తే చాలు, వెనక నుంచి మా ఆయన గొంతు వినబడుతుంది. "గట్ల మూతేసి ఇడిస్తే ఖరాబైతది. సక్కగ షట్‌డౌన్ చెయ్యరాదు?"

చెయ్యనండీ. పగటిపూట అస్సలు చెయ్యను.

అసలు ఈ సలహా ఇచ్చేది ఎవరో చూడండి. కూర్చుంటే రెండు గంటలు కదలకుండా కూర్చోగలిగినవాళ్లు. వాళ్లకి పని ఒకచోట మొదలై ఒకచోట ముగుస్తుంది. ముగిశాక ఆపేసి లేస్తారు, బాగానే ఉంది. ఇంటి ఆడమనిషి పని అట్లా ఉంటుందా? మా మహిళా సంఘం పొదుపులు, అప్పుల వాయిదాల లెక్కలు నేనే ఎక్సెల్‌లో వేస్తాను. కుక్కర్ పెట్టి మూడు విజిళ్లు వచ్చేలోపు నాలుగు పేర్లు. బట్టలు ఆరేసి వచ్చి ఇంకో ఆరు. అత్తమ్మకి మాత్రలిచ్చి వచ్చి కూర్చునేసరికి పిల్లాడు "అమ్మా, ప్రాజెక్టు" అంటూ స్కూలు నుంచి దిగుతాడు. రోజుకి ఎనిమిది సార్లయినా కూర్చుంటాను, ఒక్కోసారి పది నిమిషాలు. అదీ గట్టిగా దొరికితే.

మాది పాత లాప్‌టాప్, లోపల గిర్రున తిరిగే హార్డ్ డిస్కు. ఆపేసి మళ్లీ తెరిచి, పాస్‌వర్డ్ కొట్టి, ఫైలు వెతికి, ఎవరి వరుసలో ఆపానో పట్టుకునేసరికి నాలుగు నిమిషాలు పోతాయి. ఎనిమిది నాలుగులు ముప్పై రెండు. అరగంట! నా రోజులో అరగంట అంటే ఏంటో షట్‌డౌన్ చెయ్యమనేవాళ్లకి తెలియదు. మూత ఎత్తితే మాత్రం పాస్‌వర్డ్ కొట్టగానే కర్సర్ నేను వదిలిన గడిలోనే ఉంటుంది. తెగిపోయిన పనిని మళ్లీ ముడివేసుకునే కష్టం తప్పుతుంది.

ఇక కరెంటు. దీని వెనక ఉన్న భయం నాకు అర్థమవుతుంది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద తెల్ల రేషన్ కార్డు ఇళ్లకి నెలకి 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు వస్తోంది. ఆ గీత దాటితే బిల్లు కట్టాల్సిందే. అందుకే నెలాఖరుకి మీటరు 190 చూపిస్తే ఇంట్లో ప్రతి స్విచ్చి మీదా అనుమానమే. అనుమానపడండి, తప్పు లేదు. కానీ దొంగని వదిలేసి దారిన పోయేవాడిని పట్టుకుంటే ఎట్లా?

లాప్‌టాప్ నిద్రలో ఉన్నప్పుడు తెర ఆరిపోతుంది, డిస్కు ఆగుతుంది, ఫ్యాను ఆగుతుంది, ప్రాసెసర్ పని మానేస్తుంది. మనం తెరిచి పెట్టినవన్నీ గుర్తుంచుకునే ర్యామ్‌కి మాత్రం కాస్త కరెంటు అందుతుంటుంది. మొత్తం కలిపి ఒక వాటు, అటూ ఇటూగా. ఒక వాటు వస్తువు వెయ్యి గంటలు నడిస్తే ఒక యూనిట్. నెలకి 720 గంటలు. అంటే రాత్రీ పగలూ నెలంతా మూతేసి ఉంచినా ముప్పావు యూనిట్ కూడా నిండదు. సరే, రెండు వాట్లే అనుకుందాం, యూనిటున్నర. 75 వాట్ల పాత సీలింగ్ ఫ్యాను ఎవరూ లేని గదిలో ఇరవై గంటలు తిరిగితే ఆ యూనిటున్నర అక్కడే అయిపోతుంది. రిమోట్‌తో టీవీ ఆపి పడుకుంటారు కదా, పొద్దున లేచి సెట్‌టాప్ బాక్సు మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటుంది. దాన్ని ఎవరైనా ఏమైనా అన్నారా? అనరు, అది వాళ్లు చూసే టీవీది.

షట్‌డౌన్ భక్తి ఎక్కడి నుంచి వచ్చిందో కూడా నాకు తెలుసు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లే కంప్యూటర్ ల్యాబుల నాటిది. పెద్ద గాజు మానిటరు, కింద డబ్బా, దానికి బ్యాటరీ ఉండదు. విండోస్ 95లో షట్‌డౌన్ నొక్కితే నల్ల తెర మీద నారింజ రంగు అక్షరాలు వచ్చేవి, ఇప్పుడు ఆపేసినా ప్రమాదం లేదని. అది వచ్చేదాకా ఎదురుచూసి అప్పుడు స్విచ్చి నొక్కేవాళ్లం. ఆ పెట్టెలకి ఆ మర్యాద అవసరమే. కరెంటు పోతే చేసిందంతా పోయేది. లాప్‌టాప్‌కి కడుపులోనే బ్యాటరీ ఉంది. కరెంటు పోయినా దాని నిద్ర చెడదు.

ఇంకో తమాషా. షట్‌డౌన్ చేస్తే మెషిన్ మొత్తం కడుక్కుని తాజాగా లేస్తుందనుకుంటారు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంది, చాలా లాప్‌టాప్‌లలో అది ముందే ఆన్ అయి ఉంటుంది. షట్‌డౌన్ నొక్కితే మన ఫైళ్లు మూసేస్తుంది కానీ, విండోస్ అసలు గుండెకాయని డిస్కు మీద రాసి పెట్టుకుని, మళ్లీ ఆన్ చేసినప్పుడు దాన్నే పైకి తీస్తుంది. నమ్మకపోతే టాస్క్ మేనేజర్‌లో సీపీయూ దగ్గర అప్‌టైమ్ చూడండి. రోజూ రాత్రి భక్తిగా షట్‌డౌన్ చేసేవాళ్ల మెషిన్‌లో కూడా అక్కడ రోజులు పోగుపడి ఉంటాయి. నిజంగా తాజాగా లేవాలంటే నొక్కాల్సింది రీస్టార్ట్. నేను ఆదివారం ఆదివారం రీస్టార్ట్ చేస్తాను, అప్‌డేట్లు కూడా అప్పుడే అయిపోతాయి. మెషిన్ మొండికేసిందని ఎవరైనా అంటే, షట్‌డౌన్ చేశారా అని కాదు, రీస్టార్ట్ చేశారా అని అడగండి.

మూత వేయకూడని వేళలు లేవని నేను అనట్లేదు. బాన్సువాడ బస్సెక్కేటప్పుడు లాప్‌టాప్‌ని నిద్రలో ఉంచి బ్యాగులో కుక్కకూడదు. కొత్త రకాలు కొన్ని నిద్రలో కూడా వైఫై చూసుకుంటూ, అప్‌డేట్లు వెతుక్కుంటూ బ్యాగులోనే వేడెక్కుతాయి. బ్యాటరీని తినేది నిద్ర కాదు, ఈ వేడి. మే నెల ఎండలో కిటికీ పక్కన పెట్టినా, దుప్పటి మీద పెట్టి పని చేసినా అంతే నష్టం. ఆ సంగతి ఎవరూ మాట్లాడరు. అట్లాగే వరి కోతల వేళ నిజాంసాగర్ వైపు మబ్బు కమ్మి ఉరిమితే ముందు చార్జరు పీకాలి. అప్పుడు షట్‌డౌన్ చేశామా లేదా అన్నది కాదు ముఖ్యం, ప్లగ్గులో వైరు ఉందా లేదా అన్నదే. పిడుగుకి షట్‌డౌన్ చేసిన లాప్‌టాప్ మీద ప్రత్యేకమైన జాలి ఏమీ ఉండదు.

మూత వేసే ముందు కంట్రోల్ ఎస్ మాత్రం మరవకండి. నిద్రలోనే బ్యాటరీ పూర్తిగా అడుగంటితే సేవ్ చెయ్యని పని పోయే ప్రమాదం ఉంది. అందుకే రాత్రికి నాది హైబర్నేట్. తెరిచి ఉన్నదంతా డిస్కు మీద రాసిపెట్టి మెషిన్ ఆగిపోతుంది, కరెంటు అడగదు. పొద్దున లేవడం కొంచెం ఆలస్యం, కానీ ఫైళ్లు తెరిచినవి తెరిచినట్టే ఉంటాయి. విండోస్‌లో ఇది సాధారణంగా మెనూలో కనబడదు, కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి టిక్కు పెట్టుకోవాలి. మా లాప్‌టాప్‌కి నేనే పెట్టాను: మూతేస్తే నిద్ర, పవర్ బటన్ నొక్కితే హైబర్నేట్.

మొన్న దసరాకి హైదరాబాద్ నుంచి వచ్చిన మా మరిది కూడా అన్నకే వంత పాడాడు. "వదినా, ఏ మెషిన్‌కైనా రెస్ట్ కావాలె" అని. అంటున్నప్పుడు చేతిలో ఫోను ఉంది. దాన్ని చివరిసారి ఎప్పుడు స్విచ్ఆఫ్ చేశావయ్యా అని అడిగాను. నవ్వాడు కానీ చెప్పలేదు.

అయినా పట్టుబట్టేవాళ్లకి నాది ఒకటే షరతు. సంఘం లెక్కలు ఒక్క నెల మీరు వెయ్యండి, పొయ్యి మీద పప్పు చూసుకుంటూ. లేచిన ప్రతిసారీ షట్‌డౌన్ చేస్తూ.