తోట వీడియోలో అత్తమ్మ గొంతు

బంధువుల ఫోన్లలో తోటల వీడియోలు చాలానే చూశాను. వాటిలో అన్నీ ఉంటాయి, తోట ఒక్కటే ఉండదు. చెట్టుకు ఆనుకొని నవ్వే మొహాలు, పూల ముందు గిర్రున తిరిగే పిల్లలు, వెనకాల ఒక సినిమా పాట. అది ఏ చెట్టో, మనవాళ్లకు దానితో ఏం పనో చెప్పేవాళ్లుండరు. బొటానికల్ గార్డెన్‌లో తీసినా, వీధి చివరి పార్కులో తీసినా ఆ వీడియో ఒకేలా ఉంటుంది. ఇంటివాళ్లు తీసే వీడియోకు పాటకన్నా మాట ముఖ్యం, ఆ మాట ఇంట్లో పెద్ద ఆడమనిషిదైతే ఇంకా మంచిది అని నా అభిప్రాయం.

మొన్న ఎండాకాలం సెలవుల్లో జగిత్యాల నుంచి హైదరాబాద్ పోయినప్పుడు కొండాపూర్ దగ్గరి బొటానికల్ గార్డెన్‌కు వెళ్లాం. చుట్టూ సాఫ్ట్‌వేర్ కంపెనీల అద్దాల మేడలు, మధ్యలో రెండు వందల డెబ్బై ఎకరాల పచ్చదనం. మా అమ్మాయి ఫోన్ పట్టుకుంది. అత్తమ్మ అంతసేపూ "మీరు తిరుగుండ్రి, నేనీడ కూసుంట" అన్న మనిషి, ఒక చెట్టు దగ్గర మాత్రం ఆగింది. ఆకును బొటనవేలితో రుద్ది, "గిది తునికాకు బిడ్డా" అన్నది.

ఆ తర్వాత ఆరు నిమిషాలు ఆమే మాట్లాడింది. అత్తమ్మ పుట్టిల్లు కోరుట్ల. చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టిన చేతులవి. ఎండాకాలంలో ఆకు ఎట్ల తెంపుతరు, ఎట్ల ఎండబెట్టి కట్టలు కడతరు, ఎండిన ఆకు విరగకుండ నీళ్లు చల్లి ఎట్ల మెత్తబెడతరు, ఎంత ముదిరిన ఆకు పనికిరాదు, వెయ్యి బీడీల లెక్క తీరేసరికి వేళ్లు ఎట్ల గుంజుతయి, అన్నీ చెప్పింది. తునికి పండు తియ్యగ ఉంటదని, చిన్నప్పుడు గుట్టకు పోయి తినేవాళ్లమని కూడా చెప్పింది. పిల్లకు తునికాకు అంటే అప్పటిదాకా పేపర్లో చదివిన మాట. ఆ రోజు అది వాళ్ల నానమ్మ వేళ్ల మధ్య కనిపించింది.

చెట్ల పేర్లు రాసిపెట్టడం కొత్త సంగతేం కాదు. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండు వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో మన సామర్లకోటలో ఏళ్ల తరబడి ఉన్నాడు. మొక్కలు సేకరించి, ఇక్కడి చిత్రకారులతో బొమ్మలు వేయించి, తెలుగువాళ్లు వాటిని ఏమంటారో పక్కనే రాసుకున్నాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం మొదటి సంపుటం 1795లో వచ్చింది. తునికికి డయోస్పైరస్ మెలనోజైలాన్ అనే శాస్త్రీయ నామం పెట్టింది ఆయనే. మెలనోజైలాన్ అంటే నల్లని కలప. 1793 నుంచి కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు పెద్దగా ఉన్నదీ ఆయనే. మొక్క పేరు మొదట చెప్పింది మన జనం, పుస్తకంలో ఎక్కిన పేరు ఆయనది. ఇప్పుడు ప్రతి ఇంట్లో ఫోనుంది. చెప్పినవాళ్ల పేరు, మొహం, గొంతు అన్నీ నిలబెట్టుకునే వీలు మనకుంది.

అసలు చిక్కు ఇంటికొచ్చాక మొదలైంది. వీడియోను కుటుంబం గ్రూపులో పెట్టబోతుంటే మా ఆడబిడ్డ ఫోన్ చేసింది. "వదినా, అమ్మ బీడీల ముచ్చట కత్తిరించు. పిల్లకు సంబంధాలు చూస్తున్నం, మా అత్తగారోళ్లు చూస్తే ఏమనుకుంటరు?" ఆమె భయం నాకు అర్థమైంది. మా వైపు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఎన్ని ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చుట్టి బియ్యం కొన్నారో అందరికీ తెలుసు. కొంచెం పైకొచ్చాక ఆ మాట పైకి రానీయం. మా అమ్మ కాలం నాటి సిరిసిల్లలో మగ్గం పనిని దాచాల్సిన అవసరం రాలేదు, మరి బీడీల పనిని ఎందుకు దాచాలి?

అయినా కత్తిరించాలా వద్దా చెప్పాల్సింది నేనూ కాదు, ఆడబిడ్డా కాదు. అత్తమ్మనే అడిగాను. వీడియో మొత్తం చూసి, "కొంగు సక్కగ లేదు గని, మాట ఉండనియ్. గా బీడీల పైసలతోనే మీ ఆయన కాలేజీ ఫీజు కట్టిన" అన్నది. ఉంచాం. ఆడబిడ్డ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "అమ్మ పండ్ల గురించి చెప్పింది నాకు కూడా తెల్వదు వదినా" అన్నది. ఆమె అత్తగారు చూశారో లేదో ఇంకా తెలియదు. చూసి ఏమన్నా అంటే అప్పుడు మాట్లాడుకుంటాం.

ఎనిమిది నిమిషాల వీడియో ఎవరు చూస్తారని మా అమ్మాయి అడిగింది. ఎవరూ చూడకపోవచ్చు. పదేళ్ల తర్వాత తను చూస్తుంది, అది చాలు. ఫోన్ పక్కన పెట్టి తోటను కళ్లతో చూడొచ్చు కదా అనేవాళ్ల మాట కూడా నిజమే. అందుకే తోటంతా తీయక్కర్లేదు. ఐదారు చెట్లు చాలు.

మా అనుభవంలో పనికొచ్చినవి చెబుతాను. ముందు పేరు బోర్డు తీయండి, తర్వాత చెట్టు మొత్తం, ఆ తర్వాత ఆకు, బెరడు. ఫోన్ అడ్డంగా పట్టుకొని, ఒక్కోదాని మీద పది సెకన్లు కదలకుండా ఆగండి. గాలి చప్పుడు మాటను మింగేస్తుంది కాబట్టి మాట్లాడేవాళ్లకు దగ్గరగా నిలబడండి. మైకు రంధ్రం మీద వేలు పడనీయకండి. మధ్యలో అందుకొని మాట్లాడకండి. పక్కనున్న వేరే కుటుంబాల ఆడపిల్లలు ఫ్రేములో పడకుండా చూడండి. వాట్సాప్ స్టేటస్ 24 గంటల్లో పోతుంది, పైగా పంపిన వీడియో నాణ్యత తగ్గుతుంది. అసలు ఫైలును పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. పాట పెట్టాలనిపిస్తే పేర్లు వచ్చే దగ్గర మాత్రం వద్దు.

తోట దాకా పోవడం కుదరకపోతే బతుకమ్మ ముందు చేనుగట్టు చాలు. తంగేడు మన రాష్ట్ర పుష్పం, కానీ ఊళ్లలోనూ పిల్లలకు అది బజార్లో కట్టగా దొరికే పువ్వే. గునుగు ఎక్కడ మొలుస్తుంది, మోదుగాకుతో విస్తరి ఎట్ల కుడతరు, నిర్మల్ బొమ్మలు చేసే పొనికి చెట్టు ఎట్ల ఉంటది, మీ అమ్మనో అత్తమ్మనో అడగండి. ఆమె చెబుతుంటే ఫోన్ మీ చేతిలో ఉండనివ్వండి. అయ్యాక ఆమెకే ముందు చూపించండి, ఏది ఉంచాలో ఏది తీయాలో ఆమెనే చెప్పనివ్వండి.