చేసిన పనికి కూలి ఇవ్వండి

క్రిప్టో కంపెనీలవాళ్ళు పని చేయించుకున్నారు. వారం వారం లెక్కలు రాయించుకున్నారు. ఇవ్వాల్సిన రోజు వచ్చేసరికి టెలిగ్రామ్ గ్రూపుకు తాళం వేసి వెళ్ళిపోయారు. ఈ సంగతి ఎవరికి మొరపెట్టుకున్నా ఒకటే జవాబు: "ఊరికే వచ్చే కాయిన్లకి ఇంత గోలేంటి?" ఎగ్గొట్టినవాడి మీద నాకున్న కోపం ఒక ఎత్తు, ఈ మాట అనేసి చేతులు దులుపుకునేవాళ్ళ మీద కోపం ఇంకో ఎత్తు.

ఊరికే ఎవరిచ్చారు? క్రిప్టో బౌంటీ అంటే ఏమిటో తెలియక అంటున్నారేమో, చెబుతాను. 2017లో, 2018లో రోజుకో కొత్త కాయిన్ పుట్టుకొచ్చింది. ఇథీరియం మీద టోకెన్ తయారుచేయడానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. కష్టమంతా దాని పేరు జనం నోళ్ళలో నానేలా చేయడంలోనే ఉంది. ఆ కష్టానికి జీతగాళ్ళను పెట్టుకుంటే ఖర్చు. అందుకని మొత్తం టోకెన్లలో ఏ ఒకటి రెండు శాతమో పక్కన పెట్టామని, ప్రచారం చేసినవాళ్ళకు వాటిని పంచుతామని ప్రకటించేవాళ్ళు. ట్వీట్లు వేయాలి, ఫేస్‌బుక్‌లో షేర్ చేయాలి, బిట్‌కాయిన్‌టాక్ ఫోరమ్‌లో రాసే ప్రతి పోస్టు కిందా సంతకంలాగా ఆ కంపెనీ ప్రకటన మోయాలి, వీడియోలు తీయాలి, వ్యాసాలు రాయాలి, ప్రాజెక్టు వివరాలు చెప్పే వాళ్ళ వైట్‌పేపర్‌ను సొంత భాషలోకి అనువదించాలి. పనికిన్ని స్టేకులని రాసుకుంటారు. అమ్మకం ముగిశాక అందరి స్టేకులూ కూడి, ఆ లెక్కన టోకెన్లు పంచుతారు.

అంటే పనికి దిగేటప్పుడు కూలి ఎంతో తెలియదు. పని చేస్తున్నన్నాళ్ళూ తెలియదు. ఎంతమంది చేశారో తేలాక గానీ వాటా తేలదు. వాటా తేలినా, టోకెన్ మార్కెట్లోకి వచ్చేదాకా దాని ధర తేలదు. ఈ భారమంతా పనిచేసేవాడి నెత్తినే. కంపెనీకి మాత్రం పని మొదటి వారం నుంచే అందుతూ ఉంటుంది.

ఈ పని చేసేదెవరు? ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, బంగ్లాదేశ్, వియత్నాం, నైజీరియా, మన దేశం. ఇరవై డాలర్లొస్తే హాస్టల్ బాకీ తీరే చోట్ల పిల్లలు. మనవైపు నేను చూసినవాళ్ళు ఇంజనీరింగ్ అయిపోయి, అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుంటూ, ఇంటికి ఫోన్ చేసి మళ్ళీ డబ్బు అడగడానికి మొహం చెల్లక, రాత్రిళ్ళు ఈ పని పట్టుకున్నవాళ్ళు. వాళ్ళకు దురాశ అని పేరు పెడుతున్నారు. చేతిలో పెట్టుబడి లేదు కాబట్టే కష్టపడి సంపాదించుకుందామనుకున్నారు వాళ్ళు. అది దురాశ ఎలా అవుతుంది?

ఒక కుర్రాడి సంగతి చెబుతాను. మా ఊరివాడే, నన్ను అన్నా అంటాడు. 2018లో ఒక ప్రాజెక్టు వైట్‌పేపర్‌ను తెలుగు చేయడానికి ఒప్పుకున్నాడు. "అన్నా, ఈ వాక్యం మనవాళ్ళకు అర్థమవుతుందా, ఒక్కసారి విను" అంటూ అర్ధరాత్రి ఫోన్ చేసేవాడు. పట్టికల్లో అంకెలు తప్పిపోకుండా ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాడు. అది ఇచ్చేశాక కూడా ఆగలేదు, ప్రాజెక్టు ప్రకటనలన్నీ ఎప్పటికప్పుడు తెలుగులో పెడుతూ వచ్చాడు. పంపకానికి ముందు స్టేకుల స్ప్రెడ్‌షీట్ తెరిస్తే అతని వరస ఎర్రరంగులో ఉంది. చివరి గడిలో కారణం రాశారు: గూగుల్ ట్రాన్స్‌లేట్ అని. తెలుగు అక్షరం ముక్క రాని బౌంటీ మేనేజర్ ఇచ్చిన తీర్పు అది. ఏ వాక్యం గూగుల్‌దో చూపించమంటే చూపించలేదు. అప్పటికే ఆ ప్రాజెక్టు వెబ్‌సైట్‌లో భాషల జాబితాలో తెలుగు ఉంది. నొక్కి చూశాం. వచ్చింది అతని అనువాదమే. తొందరలో అతను వదిలేసిన ఒక దీర్ఘం కూడా అలాగే ఉంది. డబ్బివ్వడానికి పనికిరాదన్న పనిని మొహమాటం లేకుండా తమ వెబ్‌సైట్‌లో పెట్టుకున్నారు.

గ్రూపులో అడిగాడు. మర్యాదగానే, సర్ అంటూనే అడిగాడు. "డియర్, ప్లీజ్ వెయిట్" అన్నారు ఒకసారి. టీమ్ చూస్తోందన్నారు ఇంకోసారి. మళ్ళీ అడిగితే మ్యూట్ చేశారు. అతని తరఫున మాట్లాడబోయిన వాళ్ళను గ్రూపులోంచే తీసేశారు. మర్నాటికి అడిగిన ప్రశ్నలేవీ అక్కడ లేవు. పైకి జరుపుకుంటూ పోతే రాకెట్ బొమ్మలు, "గ్రేట్ ప్రాజెక్ట్" అన్న పొగడ్తలు, అంతే. కొత్తగా వచ్చినవాడికి అక్కడ ఎవరికైనా అన్యాయం జరిగిందన్న ఆనవాలు కూడా దొరకదు. ఇంత పకడ్బందీగా నోళ్ళు మూయించగలిగినవాళ్ళకు స్ప్రెడ్‌షీట్‌లో ఒక వరస సరిచేసే తీరిక లేదంటే నేను నమ్మను.

ఎగ్గొట్టే దారి ఒక్కటి కాదు. సగం పనయ్యాక బౌంటీ వాటాను తగ్గించేసి, నిబంధనలు ఎప్పుడైనా మార్చే హక్కు మాకుందని మొదట్లో ఒక మూల రాసిన వాక్యం చూపిస్తారు. అనుకున్నంత సొమ్ము వసూలు కాలేదు, సాఫ్ట్ క్యాప్ అనే కనీస లక్ష్యం దాటలేదు, కాబట్టి ఎవరికీ ఏమీ లేదంటారు. పంట పండలేదని నాట్లు వేసిన కూలీలకు డబ్బు ఎగ్గొట్టే రైతును ఊళ్ళో తలెత్తుకు తిరగనిస్తారా? టోకెన్లు ఇచ్చినట్టే ఇచ్చి కొన్ని నెలలు కదపడానికి లేదంటారు, ఆలోపు ముందుగా కొన్నవాళ్ళు అమ్ముకుని వెళ్ళిపోతారు. ఏ ఎక్స్ఛేంజీలోనూ లేని టోకెన్‌ను వాలెట్‌లో పడేసి బాకీ తీరిందంటారు. దాన్ని ఇంకో చోటికి పంపాలంటే కట్టే గ్యాస్ ఫీజుకైనా ఆ టోకెన్ ధర చాలదు.

వీటన్నిటికంటే నాకు అసహ్యం కేవైసీ పేరుతో చేసేది. పనిలో చేరేటప్పుడు ఏ కార్డూ అడగరు. పనంతా అయ్యాక, పంపకం దగ్గరికొచ్చాక, గుర్తింపు కార్డు పంపమంటారు, దాన్ని చేత్తో పట్టుకుని ఫొటో దిగి పంపమంటారు, చిరునామా రుజువు పంపమంటారు. ఆధార్ కుదరదు, పాస్‌పోర్టే కావాలని కొందరంటారు. ఊరు దాటి హైదరాబాద్ రావడమే గగనమైన కుర్రాడి దగ్గర పాస్‌పోర్టు ఎక్కడ ఉంటుంది? గడువులోగా పంపకపోతే టోకెన్లు రద్దు. పంపినవాళ్ళ పత్రాలు ఏ దేశంలో ఎవరి కంప్యూటర్లో పడ్డాయో ఎవరూ చెప్పరు. కంపెనీ మూతపడ్డాక అడగడానికి మనిషే ఉండడు. కూలి ఎగ్గొట్టిందే కాక, ఆ పిల్లల ఫొటో, పుట్టినతేదీ, ఇంటి అడ్రసు కూడా పట్టుకుపోయారు.

ఇప్పుడు ఊరికే వచ్చేవి అంటున్నవాళ్ళు ఒక సంగతి వినాలి. టోమహాక్ ఎక్స్‌ప్లొరేషన్ అనే కంపెనీ కాలిఫోర్నియాలో చమురు తవ్వుతామని చెప్పి 2017లో టోమహాక్‌కాయిన్లు అమ్మబోయింది. డబ్బు రాలేదు. కానీ తమ గురించి బ్లాగుల్లో, ఫోరమ్‌లలో రాసినవాళ్ళకు, బొమ్మలు గీసినవాళ్ళకు, వీడియోలు చేసినవాళ్ళకు బౌంటీగా టోకెన్లు పంచింది. 2018 ఆగస్టులో అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ ఆ కంపెనీ మీద ఉత్తర్వు ఇచ్చింది. డబ్బు చేతులు మారకపోయినా ఆ పంపకం అమ్మకమేనంది. ఆ పనుల వల్ల కంపెనీకి ప్రయోజనం ఉంది కాబట్టి, టోకెన్లకు ధర ఆ పనేనంది. కంపెనీ స్థాపకుడికి 30,000 డాలర్ల జరిమానా వేసింది. అంటే బౌంటీ పనికి విలువ ఉందని ఒక ప్రభుత్వ సంస్థ రాతపూర్వకంగా ఒప్పుకుంది. కంపెనీని పట్టుకోవాల్సి వచ్చినప్పుడు ఆ విలువ కంటికి కనపడింది. అదే పని చేసి కూలి ముట్టనివాడు వచ్చి తలుపు కొడితే ఎందుకు కనపడదు?

మన దగ్గరే చూడండి. 2018 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు, క్రిప్టో లావాదేవీల జోలికి పోవద్దని బ్యాంకులకు చెప్పింది. సుప్రీంకోర్టు 2020 మార్చి 4న దాన్ని కొట్టేసింది. 2022 బడ్జెట్‌లో క్రిప్టో లాభాల మీద 30 శాతం పన్ను వేశారు, ఆ జూలై నుంచి 1 శాతం టీడీఎస్ తెచ్చారు, ఒక కాయిన్‌లో పోయినదాన్ని ఇంకో కాయిన్ లాభంలో సర్దుకోవడానికి వీల్లేదన్నారు. ఆ ఏప్రిల్ నుంచే క్రిప్టో ప్రకటనల కింద హెచ్చరిక ఉండాలని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ నియమం పెట్టింది. బ్యాంకు గురించి ఆలోచించారు, ఖజానా గురించి ఆలోచించారు, కొనేవాడి గురించి కూడా ఆలోచించారు. ఆ ప్రకటనను ఊరూరా మోసినవాడికి కూలి ముట్టిందా అని ఒక్కరూ ఆలోచించలేదు. 2019 వేతనాల కోడ్‌లో గిగ్ కార్మికుడి ఊసే లేదు. 2020 సామాజిక భద్రత కోడ్‌లో చేర్చారు గానీ అది సంక్షేమ పథకాల కోసం, ఎగ్గొట్టిన కూలి రాబట్టడానికి కాదు.

ఫిర్యాదు చేద్దామని ఆ కుర్రాడూ నేనూ కలిసి కూర్చున్నాం. ఆన్‌లైన్ పత్రంలో ఎంత డబ్బు పోయింది, ఏ ఖాతా నుంచి పోయింది, లావాదేవీ నంబరు ఎంత అని గడులున్నాయి. అతని ఖాతాలోంచి రూపాయి పోలేదు. పోయింది అతని కష్టం. దాన్ని రాయడానికి గడి లేదు. లేబర్ ఆఫీసుకు వెళదామంటే యజమాని పేరు, చిరునామా కావాలి. ప్రాజెక్టు ఎక్కడో యూరప్‌లో నమోదైందట. టీమ్ అంటూ పెట్టిన ఫొటోల్లోని మనుషులు అసలున్నారో లేదో తెలియదు. మేనేజర్‌కు మారుపేరే తప్ప అసలు పేరు లేదు. "సాక్ష్యాలన్నీ ఉన్నాయన్నా, ఎవరి మీద పెట్టాలో తెలియట్లేదు" అన్నాడు. నా దగ్గర సమాధానం లేకపోయింది.

దొంగ ఖాతాలు తెరిచి ఒకే మనిషి పదిమందిలా స్టేకులు కొట్టేస్తున్నాడని మేనేజర్లు అంటారు. నిజమే, అలాంటివాళ్ళున్నారు. పట్టుకోండి, రుజువు చూపించి తీసేయండి. వాళ్ళను సాకుగా పెట్టుకుని, చెమటోడ్చిన మిగతావాళ్ళ పేర్లు కొట్టేయకండి. ప్రచారం చేసిన కాయిన్లన్నీ మంచివని కూడా నేననడం లేదు. చాలావరకు అడుగంటిపోయాయి, నమ్మి కొన్నవాళ్ళు మునిగిపోయారు, ఆ బాధ నాకు తక్కువేం కాదు. కానీ ప్రచారం చేసినవాడి కూలి ఎగ్గొడితే ఆ సొమ్ము మునిగిపోయినవాళ్ళకు చేరిందా? చేరలేదు. ముంచినవాడి దగ్గరే ఉండిపోయింది.

మా చేతుల్లో ఏముంది, టీమ్ ఇవ్వలేదు అని మేనేజర్లు తప్పించుకుంటారు. చాలామంది మేనేజర్లు తమ ఫీజును బిట్‌కాయిన్‌లోనో ఈథర్‌లోనో ముందే తీసుకుంటారు. తమ విషయంలో అంత జాగ్రత్త తెలిసినవాళ్ళకు, పిలిచి పని ఇచ్చిన వందలమంది విషయంలో అది గుర్తుకు రాలేదా? మొత్తం సొమ్మును ఎస్క్రోలో, అంటే మధ్యవర్తి దగ్గర, పెట్టించి, వారం వారం బిట్‌కాయిన్‌లో చెల్లించే క్యాంపెయిన్లు ఎప్పటినుంచో ఉన్నాయి. కుదరదన్నది అబద్ధం. సొమ్ము ఎస్క్రోలో పడనిదే క్యాంపెయిన్ మొదలుపెట్టనని మేనేజర్ ఒక్క మాట గట్టిగా అంటే చాలు.

పైగా ఈ వ్యాపారంలో దాచడానికి వీలు కాని లెక్క ఒకటుంది. ఇథీరియం మీద జరిగిన ప్రతి బదిలీ అందరికీ కనపడుతుంది. బౌంటీకని చెప్పి పక్కన పెట్టిన టోకెన్లు ఏ వాలెట్‌లో ఉన్నాయి, ఏ తేదీన ఎటు కదిలాయి, పనిచేసినవాళ్ళకు వెళ్ళాయా, అమ్మడానికి నేరుగా ఎక్స్ఛేంజీకి వెళ్ళాయా అన్నది వాలెట్ అడ్రసు తెలిస్తే ఎవరైనా చూడొచ్చు. కొత్త కాయిన్‌ను లిస్ట్ చేసే ముందు ఎక్స్ఛేంజీలు కంపెనీని సవాలక్ష పత్రాలు అడుగుతాయి. బౌంటీ బాకీ తీరిందన్న రుజువు ఎందుకు అడగవు? మేనేజర్ మారుపేరుతో ఉన్నా, కంపెనీ మూతపడినా, ఆ టోకెన్లు అమ్మి డబ్బు చేసుకున్నవాడు ఎక్స్ఛేంజీకి తన అసలు గుర్తింపు కార్డు ఇచ్చి ఉండొచ్చు. ఇచ్చి ఉంటే, పోలీసులు అడిగితే ఆ పేరు బయటకు వస్తుంది. కాబట్టి అడగండి. ఫిర్యాదు పత్రంలో చేసిన పని రాసుకోవడానికి ఒక గడి పెట్టండి. వాలెట్ అడ్రసుతో వచ్చిన కుర్రాణ్ణి, ఊరికే వచ్చేదానికి ఏడుపెందుకని వెనక్కి పంపకండి.