డబ్బా దాచండి.. నడక అదే వస్తుంది

రోజూ అరగంట నడవమని డాక్టరు చెబుతారు. మూడు రోజులు నడుస్తాం. నాలుగో రోజు ఏదో పని పడుతుంది, అయిదో రోజు ఎండ ఎక్కువగా ఉందంటాం. అదే వీధి, అదే మలుపు.. ఎవరికైనా విసుగే. పిల్లల సంగతి ఇంకోటి. బడి నుంచి రాగానే ఫోను, లాక్కుంటే గొడవ. ఆదోనిలోనైనా ఎమ్మిగనూరులోనైనా ఈ రెండు ఫిర్యాదులూ లేని ఇల్లు తక్కువ.

తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వజ్రాల కోసం జనం వెతకడం మనకు కొత్త కాదు. పొద్దున దిగినవాళ్లు సాయంత్రం దాకా వంగి, లేచి, నడుస్తూనే ఉంటారు. రోజుకిన్ని అడుగులు వేయాలని వాళ్లకెవరూ చెప్పలేదు. వెతుకులాటకు ఉన్న బలం అది. దాన్నే ఆటగా మార్చుకున్నది జియోక్యాచింగ్. ఇందులో ఫోను లాక్కోనక్కర్లేదు, దాన్ని పట్టుకునే బయటికి వెళ్లాలి.

ఒకరు చిన్న డబ్బాను ఎక్కడో దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు చెబుతారు. మిగతావాళ్లు జీపీఎస్ సాయంతో వెతుకుతారు. డబ్బాలో చిన్న నోటు పుస్తకం, పెన్సిలు ఉంటాయి. దొరికాక పేరు, తేదీ రాసి ఎక్కడిది అక్కడే పెట్టేయాలి. పిల్లల కోసం గోళీలో, స్టిక్కర్లో ఉంచితే, ఒకటి తీసుకున్నవారు దానికి సాటివచ్చేది మరొకటి పెట్టాలి. 2000 మేలో అమెరికా ప్రభుత్వం సామాన్యులు వాడే జీపీఎస్‌లో కావాలని కలిపే తేడాను ఆపేసింది. వెంటనే, మే 3న, ఒరెగాన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ అనే ఆయన అడవి అంచున ఒక బకెట్టు పెట్టి దాని అంకెలు ఇంటర్నెట్‌లో చెప్పారు. ఆట అలా మొదలైంది.

జియోక్యాచింగ్ యాప్‌లో ఖాతా ఉచితంగానే తెరవొచ్చు. అయితే మీ ఊరి మ్యాపు తెరిస్తే ఖాళీగా కనిపించవచ్చు. నిరాశపడకండి. బెంగళూరో హైదరాబాదో వెళ్లినప్పుడు ఒకటి రెండు వెతికి చూడండి, సంగతి అర్థమవుతుంది. ఇక్కడ మాత్రం రెండు మూడు కుటుంబాలు కలిసి సొంతంగా మొదలుపెట్టుకోవచ్చు. ఒక ఆదివారం మీరు దాచండి, వాళ్లు వెతుకుతారు. మరుసటి వారం వాళ్ల వంతు. దీనికి ఏ యాపులోనూ నమోదు అక్కర్లేదు, అంకెలు వాట్సాప్‌లో పంపుకుంటే చాలు.

మా ఉద్దేశంలో ఆరోగ్యానికి మేలు చేసేది వెతకడం కన్నా దాచడమే. వెతికినవారు ఆ చోటికి ఒక్కసారే వెళ్తారు. దాచినవారు చోటు చూసుకోవడానికి ఒకసారి, పెట్టడానికి ఒకసారి, వానకు తడిసిందా, ఎవరైనా తీసేశారా అని చూడటానికి మళ్లీ మళ్లీ నడవాలి. అందుకే తొలి డబ్బా ఇంటి నుంచి ఇరవై నిమిషాల నడక దూరంలో ఉండాలి. బండి మీద వెళ్లాల్సిన చోట పెడితే ప్రయోజనం పోయినట్టే. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు శ్రమ, పిల్లలకు రోజూ సగటున గంట ఆట అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ లెక్కలో కొంతైనా ఇలా పూర్తవుతుంది.

అంకెలు రాసేటప్పుడు తొందరపడొద్దు. ఆదోని సుమారు 15.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 77.3 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. ఇంతవరకే రాస్తే ఊరు దొరుకుతుంది కానీ డబ్బా దొరకదు. అక్షాంశంలో నాలుగో దశాంశ స్థానం ఒక్కటి మారితే సుమారు 11 మీటర్లు జరిగినట్టు. కనీసం అయిదు స్థానాలు రాయండి. పెద్ద బండల మధ్య జీపీఎస్ తడబడుతుంది కాబట్టి రెండు మూడు సార్లు చూసి, ఒక చిన్న ఆనవాలు కూడా చెప్పండి. ఈ లెక్క పిల్లలకు అప్పగిస్తే లెక్కల మాస్టారూ సంతోషిస్తారు.

ఇక జాగ్రత్తలు. ఇక్కడ కాస్త గట్టిగానే చెప్పాలి. మన ప్రాంతంలో 'నిధి' అనే మాటే చేటు. గుప్త నిధుల పిచ్చితో గుళ్లు, కోటలు తవ్వేసినవాళ్ల వార్తలు చదువుతూనే ఉన్నాం. కాబట్టి డబ్బా మీద ఆ మాట రాయొద్దు, నేల తవ్వి పాతొద్దు. ఆదోని కోట గోడల సందుల్లో, గుడి, మసీదు ఆవరణల్లో, రైల్వే స్టేషన్, బస్టాండ్, బడుల దగ్గర అసలే పెట్టొద్దు. దిక్కులేని డబ్బా కనిపిస్తే జనం పోలీసులకు ఫోను చేస్తారు, చేయాలి కూడా. లోపలిది కనిపించే క్లిప్పుల మూత ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, 'ఇది పిల్లల ఆట డబ్బా, ప్రమాదం లేదు' అని తెలుగులో రాసి అంటించండి. పొలమైతే రైతును అడగండి. తినే వస్తువులు పెడితే చీమలు, ఎలుకలు చేరతాయి.

ఆదోని గుట్టల్లో బండల సందు చూడగానే దాచాలనిపిస్తుంది. పాములకూ తేళ్లకూ నచ్చేది ఆ సందే. కంటికి పూర్తిగా కనిపించని చోట డబ్బా పెట్టొద్దు, ఎవరూ చేయి పెట్టొద్దు. పాము కాటేస్తే కోయడం, గట్టిగా కట్టడం వద్దు. కాటుపడిన కాలో చేయో కదలకుండా ఉంచి 108కి ఫోను చేసి ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. ఎమ్మిగనూరు వైపు నేల చదును, కాబట్టి ఎక్కడం కన్నా దూరం నడవడం మీద ఆట కట్టుకోవచ్చు. తుంగభద్ర దిగువ కాలువ గట్టు, పాడుబడ్డ బావులు, రైలు పట్టాలు మాత్రం ఆట నుంచి తీసేయండి.

షుగరుకు మాత్రలో ఇన్సులినో వాడేవారు జేబులో నాలుగు గ్లూకోజు బిళ్లలో చక్కెర బిళ్లలో ఉంచుకోవాలి. చెప్పులు కాదు, బూట్లు వేసుకోవాలి. ఇంటికొచ్చాక పాదాలు చూసుకోవాలి, ముల్లు దిగినా తెలియని కాళ్లవి. ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిదింటికల్లా తిరిగి వచ్చేయండి. నీళ్ల సీసా ఒక్కొక్కరికి ఒకటి.

యాప్‌లో నమోదు చేయాలనుకుంటే పక్క డబ్బాకు కనీసం 161 మీటర్ల దూరం ఉండాలి. స్వచ్ఛంద కార్యకర్త ఒకరు పరిశీలించాకే అది మ్యాపులో కనిపిస్తుంది. దానికి తొందరేమీ లేదు. ముందు పక్కింటివాళ్ల కోసం ఒకటి పెట్టండి. మొదటి పెద్ద వాన పడ్డ మర్నాడు పొద్దున్నే పిల్లల్ని తీసుకెళ్లి, లోపలి పుస్తకం తడిసిందేమో చూసి రండి.